సాయినగర్‌లో మొగుడూ పెళ్లాం కలిసి వెళ్లదగిన క్లినిక్

ముందే చెప్తున్నాను, ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నా. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో కింద ఉంది. క్లినిక్ పేరు మాత్రం రాయను. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్, నాది జాకెట్లు కుట్టే షాపు. అనంతపురం ఎంత ఊరని! పేరు రాస్తే పొద్దున్నే ఎవరో ఒకరు షాపు ముందు బండి ఆపి “ఏమక్కా, సాయినగర్‌కి పోయినారంట” అంటారు. నిజంగా అవసరమున్నవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, అడ్రసు చెప్తా. కింది అంతస్తులో మగవాళ్ల సమస్యలు చూసే యూరాలజీ డాక్టరు, పై అంతస్తులో ఆడవాళ్ల డాక్టరమ్మ, వారంలో కొన్ని రోజులు కౌన్సెలింగ్‌కి ఒక అమ్మాయి. ఇద్దరూ కలిసి పోతే ఇద్దరినీ కలిపి చూసే చోటు మన ఊళ్లో ఉందని నాకు ఇంతకుముందు తెలియదు.

మేము పోయింది పడకగది సమస్యకే. దాచేదేముంది, ఇద్దరిదీ. ఆయనకి 54, షుగరు ఉండబట్టి చానా ఏళ్లయింది, బీపీ కూడా తోడైంది. నాకు 49, నెలసరి ఆగిపోయింది. ఆయనకి పని జరగదు, జరిగిన రోజు నాకు నొప్పి. దాంతో ఇద్దరం చెరోవైపు తిరిగి ఫోన్లు చూసుకుంటూ పడుకోవడం అలవాటైపోయింది. కూతురికి పెళ్లి చేసినాక ఇంకేం సరసం అనేవాళ్లు మన చుట్టాల్లో కొదవలేదు. అట్లా అనేవాళ్లలో సగం మంది నా షాపుకొచ్చి, కొలతలు తీసేటప్పుడు గొంతు తగ్గించి చెప్పేది ఇదే గోడు. ధర్మవరం పట్టుచీరకి ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చి, కన్నీళ్లు పెట్టుకుని పోయినవాళ్లున్నారు. ఎవరెవరో నేను చెప్పను. ఆ గోడు నాదాకా వస్తుంది కానీ డాక్టరు దాకా పోదు, అదీ సంగతి.

మగవాళ్ల సంగతి ఇంకో తీరు. బస్టాండు చుట్టుపక్కల గోడల మీద చూసే ఉంటారు, గుప్తరోగాలు, నరాల బలహీనత, ఫలానా తేదీన ఫలానా లాడ్జి, ఫలానా రూము నంబరు. లైంగిక శక్తి పెంచుతాం అని మందుకి ప్రకటన ఇవ్వకూడదని మన దేశంలో 1954లోనే చట్టం వచ్చింది. గోడకి ఆ సంగతి తెలిసినట్టు లేదు. మా ఆయన డిపోలో ఒకాయన ఆ లాడ్జి పొట్లాలు వాడి, కడుపులో మంట తెచ్చుకుని, చివరికి మా ఆయనకే సలహా చెప్పాడంట, “అన్నా, మెడికల్ షాపులో నీలం రంగు మాత్ర అడుగు, చీటీ లేకపోయినా ఇస్తారు” అని. ఆ మాత్ర జేబులో పెట్టుకుని మా ఆయన ఇంటికొచ్చిన రోజే నేను టోకెను తీసుకున్నా.

సరే, క్లినిక్ సంగతికి వద్దాం.

రిసెప్షన్‌లో పేరు, వయసు, ఫోన్ నంబరు రాసుకుని, మొగుడికీ పెళ్లానికీ వేరువేరు ఫైళ్లు చేశారు. ఇది నాకు నచ్చింది. ఇదివరకు ఏ ఆసుపత్రికి పోయినా నా ఫైలు మీద ఆయన పేరే పెద్దగా ఉండేది. తర్వాత ఆయన చేతికి తెలుగులో అచ్చేసిన ఒక కాగితం ఇచ్చారు. 5 ప్రశ్నలు, మొత్తం 25 మార్కులు. గట్టిపడుతుందని మీకెంత నమ్మకం, గట్టిపడ్డాక చివరిదాకా నిలుస్తుందా, మీకు తృప్తిగా ఉంటుందా, ఈ తరహా ప్రశ్నలు. ప్రపంచమంతా డాక్టర్లు వాడే కాగితమేనంట. 22 నుంచి పైకి వస్తే ఇబ్బంది లేనట్టు, తగ్గేకొద్దీ సమస్య ఎక్కువైనట్టు. మా ఆయన మూలన కూర్చుని, పెన్ను నోట్లో పెట్టుకుని, పదో తరగతి పరీక్ష రాసినట్టు రాశాడు. 11 వచ్చాయి. “లెక్కల్లో కూడా నాకు ఇంతే వచ్చేవి” అన్నాడు. చానా రోజుల తర్వాత ఇద్దరం కలిసి నవ్వింది అక్కడే.

డాక్టరు గారికి అరవై దగ్గర ఉంటాయి. మాటలో మన సీమ యాస అట్లాగే ఉంది. లోపలికి పోగానే ఆయన అడిగిన మొదటి మాట, “గుండెకి నాలుక కింద పెట్టుకునే మాత్ర ఏమైనా వాడుతున్నారా?” లేదన్నాక ఊపిరి పీల్చుకున్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. ఎందుకో కూడా చెప్పాడు. ఛాతీ నొప్పికి వాడే ఆ నైట్రేట్ మాత్రలూ, ఈ నీలం మాత్రా కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చీటీ లేకుండా మాత్ర అమ్మేవాడు అడగనిది ఈ ఒక్క ప్రశ్నే. జేబులోది తీసి బల్ల మీద పెట్టమన్నాడు. మా ఆయన పెట్టాడు.

అసలు ఆ నీలం మాత్ర పుట్టిందే గుండె కోసమంట. అందులో ఉండే సిల్డెనఫిల్ అనే మందుని ఛాతీ నొప్పికి పనికొస్తుందేమోనని పరీక్షిస్తుంటే ఈ రెండో గుణం బయటపడిందని, అమెరికాలో 1998 మార్చిలో దీనికి అనుమతి వచ్చిందని చెప్పాడు. నాకు కథలు చెప్పే డాక్టర్లంటే ఇష్టం. చెప్పకుండా చీటీ రాసిచ్చేవాళ్లకి ఫీజు ఇవ్వాలంటే చెయ్యి రాదు.

ఇంకో మాట చెప్పాడు. అది మాత్రం మా ఆయన మొహంలో రంగు మార్చింది. కాగితం మీద రెండు గొట్టాలు గీశాడు, ఒకటి లావు, ఒకటి సన్నం. గుండెకి పోయే రక్తనాళం 3, 4 మిల్లీమీటర్లు ఉంటే, అక్కడికి పోయేది 1, 2 మిల్లీమీటర్లే. షుగరు, కొవ్వు, సిగరెట్టు వల్ల నాళాలు పూడుకోవడం మొదలైతే సన్నగా ఉన్నదే ముందు మొరాయిస్తుంది. గుండెకి ఇబ్బంది రావడానికి కొన్నేళ్ల ముందే ఇక్కడ తెలిసిపోతుంది. “మీకు ఇది మగతనం సమస్య అనిపిస్తోంది. నాకు మాత్రం మీ గుండె ముందుగా పంపిన నోటీసు లాగా కనిపిస్తోంది” అన్నాడు. అంతవరకు తల దించుకుని కూర్చున్న మనిషి తలెత్తి, “అయితే ఈసీజీ తీయించమంటారా?” అని అడిగాడు. మూడేళ్లుగా నేను మొత్తుకుంటున్న ఈసీజీ!

పరీక్షలు అనవసరంగా ఏమీ రాయలేదు. మూడు నెలల షుగరు సగటు, కొవ్వు పరీక్ష, ఈసీజీ, మగ హార్మోను టెస్టోస్టిరాన్. హార్మోనుకి మాత్రం పొద్దున్నే రక్తం ఇవ్వాలి, ఎందుకంటే పొద్దున ఎక్కువగా ఉండి, పొద్దు గడిచేకొద్దీ తగ్గుతుందంట. వాడుతున్న బీపీ మాత్ర పేరు చూసి, కొన్ని రకాల బీపీ మందులు కూడా దీనికి కారణమవుతాయని చెప్పి, మా బీపీ డాక్టరుకి ఉత్తరం రాసిచ్చాడు. “మీరు సొంతంగా ఆపేస్తే మాత్రం నా దగ్గరికి రావద్దు” అని గట్టిగానే చెప్పాడు. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు సహజంగా గట్టిపడుతుందా అని కూడా అడిగాడు. అప్పుడు బాగానే ఉండి, భార్య దగ్గర మాత్రమే కాకపోతే అది టెన్షన్ వైపు మొగ్గుతుంది. రెండు వేళలా లేకపోతే ఒంటి వైపు. మా ఆయనది రెండూ కలిసిన కేసంట.

హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించుకుంటారా అని ఇద్దరినీ అడిగారు. మా ఆయనకి కోపం వచ్చింది, “నన్ను అనుమానిస్తున్నారా?” అన్నాడు. డాక్టరు నొచ్చుకోలేదు. “నేను ఎవరినీ అనుమానించను, అందరినీ అడుగుతాను. మీరు వద్దంటే రాయను” అన్నాడు. హెచ్ఐవీ పరీక్షకి మన ఒప్పుకోలు కావాలని, ఫలితం గుట్టుగా ఉంచాలని 2017 నాటి చట్టం ఉందంట. సంతకాలు పెట్టించుకున్నారు. రిపోర్టులు ఎవరివి వాళ్ల చేతికే, అంటించిన కవర్లో ఇచ్చారు. మొగుడికి పెళ్లాం రిపోర్టు ఇమ్మంటే ఇవ్వరు, పెళ్లానికి మొగుడిదీ ఇవ్వరు. మేమే ఇంటికొచ్చి మార్చుకుని చదువుకున్నాం. డబ్బు లేనివాళ్లు దీనికి ప్రైవేటుకి రానక్కర్లేదని డాక్టరే చెప్పాడు. మన పెద్దాసుపత్రిలో ఐసీటీసీ గదిలో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, సుఖవ్యాధులకి సురక్ష క్లినిక్ ఉంటుంది. ఫోన్లో అడగాలంటే 1097. హెచ్ఐవీ ఉన్నవాళ్లకి వైద్యం చేసే బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి సంగతి మన జిల్లావాళ్లకి నేను చెప్పాల్సిన పని లేదు.

ఇక మేడ మీద డాక్టరమ్మ. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఆమె.

మా ఆయన వెనకే వస్తుంటే తలుపు దగ్గరే ఆపి, “మీరు కింద కూర్చోండి నాయనా, అమ్మతో కొంచెంసేపు మాట్లాడి పిలుస్తా” అంది. తలుపు వేసింది. నర్సును కూడా పరీక్ష అప్పుడే పిలిచింది. కాన్పులు ఎన్ని, ఆపరేషన్ ఎప్పుడైంది, నెలసరి ఎప్పుడు ఆగింది, ఈ ప్రశ్నలు ఏ డాక్టరమ్మ అయినా అడుగుతుంది. తర్వాత పెన్ను పక్కన పెట్టి, “మీకు ఇష్టం లేని రోజు వద్దు అని చెప్పగలరా? చెప్తే ఆయన వింటారా?” అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయా. ఆయన చెయ్యి చేసుకునే మనిషి కాదు. కానీ ‘వద్దు’ అంటే మరుసటి రోజు దాకా మూతి ముడుచుకునే మనిషి. ఆ మూతి చూడలేక, నొప్పి ఉన్నా సరే అన్న రాత్రులున్నాయి. అదే చెప్పా. ఆమె అయ్యో పాపం అనలేదు, మా ఆయన్ని తిట్టనూ లేదు. రాసుకుని, “నొప్పితో సరే అంటుంటే ఒళ్లు ముందే బిగుసుకుంటుంది, బిగుసుకుంటే నొప్పి ఇంకా పెరుగుతుంది. మందు నేనిస్తా. కానీ ఈ మాట ఆయనకి ఎవరు చెప్పాలి, మీరా నేనా?” అంది. ఇద్దరం కలిసి చెప్దాం అన్నా. అట్లాగే చెప్పాం. ఆయన కిటికీ వైపు చూస్తూ విన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు బండి మీద, “నొప్పి అని నాకు చెప్పి ఉంటే…” అని ఏదో అన్నాడు. గాలికి సగం వినపడలేదు. మళ్లీ అడగలేదు నేను.

పాతికేళ్ల కాపురంలో నన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అమ్మ అడగలేదు, కాన్పు చేసిన డాక్టరు అడగలేదు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసినవాళ్లు అడగలేదు. ఆమె గదిలో క్యాలెండరు వెనక సగం కనపడకుండా ఒక పోస్టరు ఉంది. లైంగిక ఆరోగ్యం అంటే జబ్బు లేకపోవడం ఒక్కటే కాదు, ఒళ్లు, మనసు, మనుషుల మధ్య సంబంధం అన్నీ బాగుండటమని, బలవంతం, వివక్ష, హింస లేకుండా సుఖంగా, క్షేమంగా ఉండగలగడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అమ్మా, ఆ క్యాలెండరు వేరే మేకుకి తగిలించండి. ఆ పోస్టరు కింద రిసెప్షన్‌లో ఉండాలి.

నా నొప్పికి కారణం మామూలేనంది. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, లోపలి పొర పలచబడి ఎండిపోతుంది, అందుకే మంట, నొప్పి, మాటిమాటికీ మూత్రంలో చురుకు. నేను ఆ చురుక్కి యాంటీబయాటిక్ మింగుతూ వచ్చా. ఈమె ముందు రొమ్ము క్యాన్సర్ చరిత్ర ఏమైనా ఉందా అని అడిగి, పరీక్ష చేసి, తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము రాసింది. మొదట కొన్ని రోజులు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. కలిసేటప్పుడు వాడటానికి నీళ్లతో తయారైన జెల్ వేరే. కొబ్బరినూనె వాడుతున్నామంటే నవ్వి, “మీకు ఆపరేషన్ అయింది కాబట్టి సరే, కండోమ్ వాడేవాళ్లు మాత్రం నూనె, వ్యాజ్‌లైన్ పూస్తే రబ్బరు చిరిగిపోతుంది” అంది. గర్భాశయ ముఖద్వారం పరీక్ష కూడా అప్పుడే చేసేసింది. మా తమ్ముడి కూతురికి పదమూడేళ్లని మాటల్లో చెప్తే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ఆ వయసులోనే వేయించాలని, 9 నుంచి 14 ఏళ్లలోపు అయితే రెండు డోసులు చాలని, 2023లో పూణే సీరమ్ కంపెనీవాళ్లది మన దేశపు టీకా కూడా వచ్చిందని చెప్పింది. మా మరదలికి ఫోన్ చేసి చెప్తే, “పెళ్లికాని పిల్లకి ఇదేంటి వదినా” అంది. ఆ టీకా పెళ్లికి ముందు వేస్తేనే బాగా పనిచేస్తుందే తల్లీ!

కౌన్సెలింగ్ దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు, చిరాకు రెండూ వచ్చాయి. ఆ అమ్మాయి మంచిదే. బెంగళూరులో చదువుకుని వచ్చింది, పాతికేళ్లు దాటి ఉండవు. మమ్మల్ని కొన్ని వారాలు అసలు ‘పని’ పెట్టుకోవద్దంది. ఒకరినొకరు తాకడం వరకే, అదీ ముందు చేతులు, వీపు, తల. ఎక్కడ బాగుందో, ఎక్కడ బాలేదో నోటితో చెప్పుకోవాలి. పరీక్ష పాస్ కావాలన్న భయం పోతే ఒళ్లు దానంతటదే దారికొస్తుందని. అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు 1970 ప్రాంతంలో చెప్పిన పద్ధతంట. మా ఆయన నా చెవిలో, “ఏమీ చేయొద్దని చెప్పడానికి ఫీజా?” అన్నాడు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆమె, “గదిలో లైటు తగ్గించుకోండి, మంచి మ్యూజిక్ పెట్టుకోండి, గంటసేపు ఎవరూ డిస్టర్బ్ చేయకుండా చూసుకోండి” అంది.

తల్లీ, మా ఇల్లు వినుకో అన్నా. ఒక హాలు, ఒక గది, వంటిల్లు. హాల్లో మా అత్త మంచం, ఆమెకి నిద్ర తక్కువ, దగ్గు ఎక్కువ. అదే మా మ్యూజిక్. గది తలుపుకి గడియ వేస్తే “ఏమే, గడియ ఎందుకేసినావ్” అని అడుగుతుంది. ఇరవై ఒక్కేళ్ల కొడుకు మిద్దె మీద పడుకుంటాడు, వాన వస్తే హాల్లోకి దిగుతాడు. ఎండాకాలం కరెంటు పోతే ఇంటిల్లిపాదీ మిద్దె మీదే. అనంతపురంలో గంటసేపు ఖాళీగా ఉండే గది ఎంతమందికి ఉందమ్మా?

ఆ పిల్ల కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పుస్తకంలో మా ఇంటి పటం గీయించుకుని, ఏ రోజు ఏ వేళ ఇల్లు ఖాళీగా ఉంటుందో అడిగింది. శనివారం సాయంత్రం అత్త ఆంజనేయస్వామి గుడిలో భజనకి పోతుంది, కొడుకు ఎట్లాగూ క్రికెట్టుకి పోతాడు. మా ఆయన వీక్లీ ఆఫ్ వేరే రోజు. “మార్పించుకోండి సార్” అంది. మార్పించుకున్నాడు. డిపోలో ఏం కారణం చెప్పాడో నేను అడగలేదు. ఏసీ గదుల కాపురాలకి రాసిన సలహాని మా రెండు గదుల ఇంటికి సరిపడేట్టు కత్తిరించి ఇచ్చింది కాబట్టి ఆ అమ్మాయికి మార్కులు వేస్తున్నా. కానీ ఈ పటం మొదటే గీయించి ఉంటే బాగుండేది.

మందు కూడా ఇచ్చారు, లేదని కాదు. అదే నీలం మాత్ర, ఈసారి చీటీతో, సరిపడే మోతాదులో. గంట ముందు వేసుకోవాలి, మటన్ బిర్యానీ తిన్నాక వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది, మనసులో కోరిక లేకపోతే అసలు పనిచేయదు, నాలుగు గంటలకు మించి అట్లాగే నిలిచిపోతే నేరుగా ఆసుపత్రికి రావాలి. ఇవన్నీ ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చారు. తలనొప్పి, ముక్కు దిబ్బడ రావచ్చన్నారు, వచ్చాయి. షుగరు అదుపులోకి రాకుండా మాత్ర ఒక్కటే ఎక్కువ రోజులు మొయ్యదని కూడా చెప్పారు. ఇప్పుడు మా ఆయన పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నడుస్తున్నాడు. గుండె భయం వల్లనా, ఇంకో ఆశ వల్లనా అని నేను అడగను. మొన్న మళ్లీ ఆ కాగితం రాస్తే 17 వచ్చాయి. నా క్రీము కూడా పనిచేస్తోంది, మూత్రంలో చురుకు పోయింది. అన్నిటికంటే, ఈ రోజు వద్దు అని నేనంటే ఆయన “సరే, టీ పెట్టు” అంటున్నాడు. టీ పెట్టడం కూడా నా పనేనా అన్నది వేరే తగాదా.

ఇంక నక్షత్రం కోసింది ఎందుకంటే, వరండా. ఫైళ్లు వేరువేరు, కవర్లు అంటించి ఇస్తారు, చట్టాలు చెప్తారు, కానీ కింద టోకెను పిలిచే ఆమె మాత్రం నిండా జనం ఉన్న వరండాలో, “మగవాళ్ల సమస్యకి వచ్చినోళ్లు ఇటు రండి” అని కేకేసింది. మా ఎదురుగా కూర్చున్న కుర్రాడు, మహా అయితే ఇరవై మూడేళ్లు, లేచి బయటికి పోయాడు. మళ్లీ రాలేదు. వచ్చినవాడు డాక్టరు దాకా పోకుండా వెనక్కి పోతే లోపల ఎంత మంచి డాక్టరుంటే ఏం లాభం? నంబరు పిలిస్తే సరిపోతుంది కదా. ఈ సంగతి డాక్టరుతో చెప్పా, తల ఊపాడు. తర్వాత పోయినప్పుడు కేక అంత గట్టిగా లేదు, కానీ మాట అదే.

ఇంకో చిన్న చిరాకు, కౌంటర్లో ‘దంపతుల ప్యాకేజీ’ అని ఏవో విటమిన్లు, పొడులు కలిపి అంటగట్టబోయారు. డాక్టరు రాశాడా అని అడిగితే పక్కన పెట్టేశారు. మీరూ అట్లాగే అడగండి. కింద మెడికల్ షాపు కుర్రాడు జెల్ ట్యూబుని పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, చుట్టూ చూసి ఇచ్చాడు. దొంగబంగారం ఇస్తున్నాడా ఏమి! నిరోధ్ మన దేశంలో 1968లో వచ్చింది, నాకంటే పెద్దది. దాన్ని కూడా మన ఊళ్లో ఇప్పటికీ ఇట్లాగే చుట్టి ఇస్తారు.

వరండాలో ఒక బల్ల మీద ఉచితంగా తీసుకునే చిన్న తెలుగు పుస్తకం ఉంది, అది మాత్రం తప్పకుండా తెచ్చుకోండి. డాక్టర్ సమరం గారి ప్రశ్నలూ జవాబులూ దొంగచాటుగా చదివి పెరిగిన తరం మాది. ఇది ఆ తీరులోనే ఉంది, ఇంకా చిన్నగా. హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడవు, వీర్యం రక్తం నుంచి తయారు కాదు, అన్ని చుక్కల రక్తం ఇన్ని చుక్కల వీర్యం అన్నది ఉత్త మాట, నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదు. ఈ భయంతో నీరసం, దిగులు పట్టుకుని వచ్చే కుర్రాళ్లు మన దేశంలో ఎంతమంది అంటే, దానికి డాక్టర్ విగ్ అనే మానసిక వైద్యుడు 1960లోనే ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టాడంట. అమ్మాయిల గురించిన పేజీలు తక్కువ. మొదటి రాత్రి రక్తం రావాలన్న రూలు లేదని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. కొత్తగా పెళ్లయి, నొప్పికి భయపడి దగ్గరికే పోలేని పిల్లలు నా షాపుకే వస్తుంటారు, వాళ్లకి రెండు పేజీలైనా ఉండాల్సింది. ఆ పుస్తకాన్ని టీవీ స్టాండు మీద, కొడుక్కి కనపడేట్టు పెట్టా. వాడు చూడనట్టే ఉన్నాడు. రెండ్రోజుల తర్వాత చూస్తే అది స్టాండు మీద లేదు, వాడి బ్యాగులో ఉంది.

ఫీజు డాక్టరుకి 500, కౌన్సెలింగ్‌కి వేరే కట్టాలి. ఒకసారి కట్టిన ఫీజు పదిహేను రోజుల దాకా చెల్లుతుంది. సాయంత్రం రద్దీ ఎక్కువ, పొద్దున పదిలోపు పోతే రక్తమిచ్చే పని కూడా అప్పుడే అయిపోతుంది. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, పక్క సందులో పెట్టి నడవండి. లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద చెప్తే డాక్టరమ్మే దిగి వస్తుంది. పరగడుపున రక్తం ఇచ్చాక ఎదురుగా బండి మీద ఉగ్గాని బజ్జీ దొరుకుతుంది, బాగుంటుంది. షుగరు ఉన్నవాళ్లు బజ్జీ జోలికి పోవద్దని డాక్టరు చెప్పాడు. మా ఆయన బయటికి రాగానే రెండు తిన్నాడు.